మిరియాలు కొనడానికి వచ్చినవాళ్లు ఏం తెచ్చారు?

ప్రియమైన సత్యానికి,

మీ అమ్మాయి సోషల్ పుస్తకంలో ప్రశ్న పంపావు కదా, యూరప్ దేశాలు కొత్త సముద్ర మార్గాలు ఎందుకు వెతికాయని. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు, దాంతో తూర్పు వర్తకానికి దారి మూసుకుపోయింది అన్న జవాబు మనం చదివిన రోజుల నుంచీ అలాగే ఉంది. అది తేదీల దగ్గరే నిలవదురా.

మిరియాలు పెద్ద ఎత్తున వెళ్లిన దారి ఆ ఊరి మీదుగా కాదు. మలబారు నుంచి ఎర్రసముద్రం, అక్కణ్నుంచి ఈజిప్టు మీదుగా అలెగ్జాండ్రియా. లేకపోతే సిరియా మీదుగా బేరూట్. ఆ రేవుల్లో వెనిస్ వర్తకులు కొని యూరప్ అంతా అమ్మేవాళ్లు. ఈజిప్టు, సిరియా రెండూ అప్పుడు మమ్లూక్ సుల్తానులవి. ఒట్టోమన్లు, అంటే ఆ తురుష్కులే, ఈజిప్టును గెలిచింది 1517లో. అప్పటికి వాస్కో డ గామా కాలికట్ వచ్చి 19 ఏళ్లు, గోవా పోర్చుగీసుల పాలై ఏడేళ్లు. వెనక జరిగింది ముందు జరిగినదానికి కారణం ఎలా అవుతుంది? పైగా 16వ శతాబ్దం మధ్యకల్లా, ఒట్టోమన్ల ఏలుబడిలోనే, ఎర్రసముద్రం దారిన మిరియాల వర్తకం మళ్లీ పుంజుకుంది.

1453 వల్ల నిజంగా దెబ్బ తిన్నది జెనోవా. వాళ్లకు నల్లసముద్రం మీద వర్తకం ఉండేది, అక్కడ బానిసల్ని కొని అమ్మేవాళ్లు. అది చితికిపోయేసరికి జెనోవా డబ్బు, ఓడ నడిపే నేర్పు, చెరకు తోటల అనుభవం మరింతగా పడమటికి, పోర్చుగల్, స్పెయిన్‌ల వైపు మళ్లాయి. కొలంబస్ జెనోవా వాడే.

పోర్చుగల్ అప్పట్లో పది లక్షల జనం ఉన్న చిన్న రాజ్యం. మొదట్లో వాళ్ల కన్ను ఇండియా మీద లేనే లేదు, బంగారం మీద ఉంది. పశ్చిమ ఆఫ్రికా బంగారం ఒంటెల మీద సహారా దాటి ఉత్తర తీరానికి వచ్చేది. 1415లో వాళ్లు సెయుటా రేవును పట్టుకున్నారు, బిడారులు వేరే ఊళ్లకు మళ్లిపోయాయి. అందుకని బంగారం పుట్టే చోటికే ఓడ మీద వెళ్లాలనుకున్నారు. దిగువకు వెళ్లిన ప్రతి కొన్ని వందల మైళ్లకూ ఏదో ఒక రాబడి దొరికేది. మదీరా దీవిలో చెరకు వేశారు. 1444లో 235 మంది ఆఫ్రికన్లను బంధించి పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో పంచుకున్నారు. బానిసల వర్తకం ఇలా మొదట్లోనే ఉంది, తర్వాత వచ్చిన చెడ్డ అలవాటు కాదు. ఇది మీ అమ్మాయికి తప్పకుండా చెప్పు. 1482లో ఇప్పటి ఘనా తీరంలో ఎల్మినా కోట కట్టారు, దానికి చెక్కిన రాళ్లు పోర్చుగల్ నుంచే ఓడల్లో మోసుకెళ్లారు. అక్కడ ఇత్తడి, రాగి పళ్లేలు, బట్టలు ఇస్తే బంగారం వచ్చేది. ఈ పళ్లేల సంగతి గుర్తు పెట్టుకో.

వాళ్లకు అసలు చిక్కు వెళ్లడంలో కాదు, తిరిగి రావడంలో వచ్చింది. ఆఫ్రికా వాయవ్య తీరం పొడుగునా గాలి ఎప్పుడూ ఉత్తరం నుంచే వీస్తుంది, నీటి ప్రవాహమూ దక్షిణానికే. దిగువకు వెళ్లడం తేలిక, ఎగువకు రావడం నరకం. బొజదోర్ అగ్రం దాటడానికి నావికులు ఏళ్లతరబడి జంకారు, 1434లో జిల్ ఇయానిష్ దాటాడు. దొరికిన ఉపాయం ఏమిటంటే, ఇంటికి వెళ్లాలంటే తీరాన్ని వదిలేయాలి. గాలిని పక్కకు తీసుకుంటూ వాయవ్యంగా నడి అట్లాంటిక్‌లోకి పోవాలి, అజోర్స్ దీవులున్నంత ఉత్తరానికి చేరాక పడమటి గాలి అందుతుంది, అది లిస్బన్‌కు తోస్తుంది. దీనికి తగ్గట్టు ముక్కోణపు తెరచాప ఉన్న కారవెల్ ఓడ, ఉత్తర-దక్షిణాలుగా ఎంత దూరం వచ్చారో ధ్రువ నక్షత్రం ఎత్తును బట్టి కొలిచే పరికరం. భూమధ్యరేఖ దగ్గర ఆ నక్షత్రం కనబడదు, అందుకని మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు, దానికి పట్టికలు. తూర్పు-పడమర దూరం మాత్రం 18వ శతాబ్దం దాకా అంచనా లెక్కే.

ఈ గాలి పాఠాన్ని తెలియకుండా గామా ప్రయాణం అర్థం కాదు. 1488లో బర్తలోమ్యు డియాష్ ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టి వచ్చాడు. గామా 1497 జులై 8న నాలుగు ఓడలతో, సుమారు 170 మందితో బయల్దేరి, తీరం పట్టుకు పోకుండా దక్షిణ అట్లాంటిక్‌లో పెద్ద వంపు తిరిగాడు. మూడు నెలల పాటు వాళ్లకు నేల కనబడలేదు. తూర్పు ఆఫ్రికాలో మలింది రాజు ఇచ్చిన మార్గదర్శి నైరుతి గాలి మీద నెల లోపే కాలికట్ చేర్చాడు. తిరుగు ప్రయాణంలో గామా ఆ లెక్కను గౌరవించలేదు. ఈశాన్య గాలి కుదురుకునే దాకా ఆగకుండా అక్టోబరు మొదట్లోనే బయల్దేరాడు. గాలి ఉంటే ఎదురుగాలి, లేకపోతే పూర్తి నిశ్శబ్దం. అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్లు వాచి, పళ్లు కప్పేసి, తినలేక ముప్ఫై మంది పోయారు. ఓడ నడిపే మనుషులు చాలక సావ్ రఫయేల్ అనే ఓడను వాళ్లే తగలబెట్టుకున్నారు. మొత్తం మీద సగం మంది కూడా ఇల్లు చేరలేదు.

అది స్కర్వీ, తాజా కూర, పండు లేక వచ్చే జబ్బు. 1601లో ఇంగ్లీషు కంపెనీ మొదటి ప్రయాణంలో లాంకాస్టర్ తన ఓడ వాళ్లకు రోజూ నిమ్మరసం పోయించాడు. వాళ్లు బాగానే ఉన్నారు, తక్కిన మూడు ఓడల్లో జనం పడకేశారు. ఇంత స్పష్టంగా తేలినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని ఖాయం చేసింది 1795లో! ఆ మధ్యలో పోయిన ప్రాణాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు అసలు విషయం. కాలికట్‌లో దిగిన మొదటి మనిషిని ట్యునీసియా వర్తకులు ఎందుకొచ్చావని అడిగితే, క్రైస్తవుల కోసం, సుగంధ ద్రవ్యాల కోసం అన్నాడు. ఆ రెండూ నిజమే. మతావేశం నటన కాదు, స్పెయిన్‌లో, ఉత్తర ఆఫ్రికాలో ముస్లిం రాజ్యాలతో తరాల తరబడి చేసిన యుద్ధం వాళ్ల ఒంట్లో ఉంది. కానీ మతం ఓడను బయల్దేరదీస్తుంది, మిరియాల బస్తా కొనిపెట్టదు. కాలికట్ రాజు జామోరిన్‌కు గామా పంపిన కానుకలు చూడు: పన్నెండు చారల బట్టలు, నాలుగు ఎర్ర శిరోవస్త్రాలు, ఆరు టోపీలు, నాలుగు పగడాల దండలు, చేతులు కడుక్కునే పళ్లేలు ఆరు, ఒక పెట్టె చక్కెర, నూనె, తేనె. జామోరిన్ అధికారులు నవ్వారు, మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడు కూడా ఇంతకన్నా మంచివి తెస్తాడన్నారు. పశ్చిమ ఆఫ్రికా గినీ తీరంలో చెల్లిన పళ్లేలు ప్రపంచంలోని సరుకంతా వచ్చి వాలే రేవులో ఎందుకు చెల్లుతాయి?

నా దృష్టిలో ఆ తర్వాతి రెండున్నర శతాబ్దాల కథంతా ఈ ఒక్క లోటు నుంచి వస్తుంది. ఆసియా సరుకు వాళ్లకు కావాలి, వాళ్ల సరుకు ఆసియాకు అక్కర్లేదు. అంచేత ప్రతి తరం ఆ ఖాళీని మరో దానితో పూడ్చింది.

పోర్చుగీసులు పూడ్చింది ఫిరంగితో. 1500లో కబ్రాల్ 13 ఓడలతో వచ్చాడు. కాలికట్‌లో గొడవై అతని మనుషులు యాభై మందిదాకా చనిపోతే, ఊరి మీద గుండ్లు కురిపించి కొచ్చిన్‌కు పోయాడు. 1509లో దీవు దగ్గర నౌకాయుద్ధం, 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్. ఈ వరస దేశాల్ని గెలవడం కాదు, సముద్రపు ఇరుకు దారుల్ని పట్టుకోవడం. కర్తాజ్ అనే చీటీ లేని ఓడను పట్టుకుని సరుకు లాక్కునేవాళ్లు. చీటీ కావాలంటే వాళ్ల రేవుకొచ్చి సుంకం కట్టాలి. ఇంత చేసినా మలబారు వర్తకులకు డబ్బివ్వక తప్పలేదు. ఆఫ్రికా బంగారం ఇచ్చారు, మధ్య యూరప్ గనుల రాగిని ఆంట్‌వర్ప్‌లో కొని తెచ్చి ఇచ్చారు.

స్పెయిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కొలంబస్‌ను పోర్చుగల్ పండితులు కాదన్నది భూమి బల్లపరుపు అనుకుని కాదు, అతని లెక్క తప్పని. అరబ్బు శాస్త్రజ్ఞుల మైలును అంతకన్నా పొట్టిదైన ఇటలీ మైలుగా తీసుకుని భూగోళాన్ని కుదించేశాడు. కానరీ దీవుల నుంచి జపాన్ సుమారు 4,500 కిలోమీటర్లన్నాడు, నిజానికి 19,000 పైనే. మధ్యలో అమెరికా అడ్డు లేకపోతే ఆ మనుషులంతా ఆకలితో పోయేవాళ్లు. 1494లో తోర్దెసిల్యాస్ ఒప్పందంతో, కేప్ వెర్డ్ దీవులకు పడమట 370 లీగుల దగ్గర గీత గీసి, రెండు రాజ్యాలు లోకాన్ని పంచుకున్నాయి. మన కథకు ముఖ్యమైంది 1545లో దక్షిణ అమెరికాలో బయటపడ్డ పొతోసి వెండి కొండ. అక్కడి ఆదివాసుల్ని వంతులవారీ వెట్టికి పంపి తవ్వించారు. పాదరసం కలిపి వెండి తీసే పద్ధతి వచ్చాక ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది. ఆ వెండి కొంత యూరప్ చుట్టి, కొంత మెక్సికో రేవు అకాపుల్కో నుంచి మనీలా మీదుగా, చివరికి చైనాకో మన దేశానికో చేరేది. యూరప్‌వాళ్లు తెచ్చినవాటిలో ఆసియా ఎంతైనా కాదనకుండా పుచ్చుకున్న సరుకు అదే. అదీ వాళ్ల నేలలో పుట్టింది కాదు.

డచ్చివాళ్ల దగ్గరికొచ్చేసరికి కథ మన బందరుకు వస్తుంది. 1602 మార్చి 20న వాళ్ల కంపెనీ పుట్టింది, సుమారు 64 లక్షల గిల్డర్ల మూలధనంతో. అంతకుముందు ఒక్కో ప్రయాణానికి డబ్బు పోగేసి, ఓడ రాగానే లాభం పంచి చాలించేవాళ్లు. ఓడ వెళ్లి రావడానికే రెండేళ్లు పడుతుంటే అలాంటి డబ్బుతో కోటలు కట్టలేరు. ఈ కంపెనీలో పెట్టినవాడు సొమ్ము వెనక్కి అడగలేడు, తన వాటాను ఇంకొకరికి అమ్ముకోవచ్చు. దానికి తోడు యుద్ధం చేసే హక్కు, కోట కట్టే హక్కు, రాజులతో ఒప్పందాలు చేసే హక్కు పట్టాలోనే రాసిచ్చారు. వర్తకం, సైన్యం ఒకే చిట్టాపుస్తకంలోకి రావడం ఇక్కడ జరిగింది.

లవంగం అప్పుడు ఇప్పటి ఇండోనేషియాలోని మొలుక్కా దీవుల్లోనూ, జాజికాయ అక్కడి బందా దీవుల్లోనూ తప్ప పండదు. అక్కడివాళ్లకు వెండి మీద అంత మోజు లేదు, కోరమండల్ బట్ట కావాలి. అందుకే 1606లో డచ్చివాళ్లు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా అనుమతితో బందరులో, నిజాంపట్నంలో స్థావరాలు పెట్టారు. ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. బట్ట గుట్టంతా రంగులో ఉంది. నేతబట్టను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పెడతారు, తర్వాత చిరివేరు వేసి మరగబెడతారు. పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది, ఉతికినకొద్దీ తేరుతుంది. పాలు చాలకపోతే రంగు చెదురుతుంది. ఇలాంటి పక్కా రంగు యూరప్ అద్దకంలో అప్పటికి లేదు.

కొనడం కూడా సులువు కాదు. నేతగాళ్లకు దళారుల ద్వారా నెలల ముందే బయానా ఇవ్వాలి. ఒక్కో దీవికి ఒక్కో అంచు, ఒక్కో పూవు కావాలి. నమూనా తప్పితే ఆ బట్ట అక్కడ అమ్ముడుపోక మూలపడుతుంది. బందరు దగ్గర సముద్రం లోతు తక్కువ, పెద్ద ఓడలు దూరాన లంగరు వేస్తే పడవల్లో మూటలు చేర్చాలి. అక్టోబరు తర్వాత తుఫానుల భయం, ఆ లోపే బయల్దేరాలి. అయినా ఈ తీరం లేకపోతే మొలుక్కా వర్తకం చచ్చిపోతుందని 1612లో డచ్చి అధికారి బ్రౌవర్ రాశాడు.

బట్టతో కొంటూ ఉంటే ధర అమ్మేవాడి చేతిలోనూ ఉంటుంది, బందా జనం ఇంగ్లీషువాళ్లకూ జావావాళ్లకూ కూడా అమ్మేవారు. 1621లో డచ్చి గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ సైన్యంతో దిగాడు. సుమారు 15,000 మంది జనంలో అక్కడ మిగిలింది వెయ్యి మంది అంటారు. తక్కినవాళ్లు కత్తికి, ఆకలికి పోయారు, పారిపోయారు, బానిసలుగా బతావియాకు (ఇప్పటి జకార్తా) చేరారు. జాజి తోటల్ని ముక్కలు చేసి డచ్చివాళ్లకు పంచి, బయటి నుంచి బానిసల్ని తెచ్చి కోయించారు. లవంగాన్ని అంబోన్ చుట్టుపక్కలకే పరిమితం చేయడానికి తక్కిన దీవుల్లో చెట్లు నరికించారు. వెతకడం ఎక్కడ ఆగి వలస రాజ్యం ఎక్కడ మొదలైందో చూపించమంటే నేను ఈ దీవుల్నే చూపిస్తాను. కొనే పని లేకుండా చేసుకోవడమే దాని లక్ష్యం.

ఇంగ్లీషు కంపెనీ అదే పనిని పొలం శిస్తుతో చేసింది. 18వ శతాబ్దం మధ్య దాకా వాళ్ల ఓడల్లో మన దేశానికి వచ్చినదాంట్లో పెద్ద భాగం వెండే. వెండి తరలిపోతోందని వాళ్ల దేశంలో రచ్చ కూడా జరిగేది. 1765లో బెంగాల్ దివానీ, అంటే శిస్తు వసూలు హక్కు, చేతికి వచ్చాక వెండి తేవలసిన అవసరం బాగా తగ్గింది, ఎందుకంటే వసూలైన శిస్తులో కొంత తీసి ఆ ఊళ్ల సరుకే కొనేవారు. మన వైపు 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి గెలిచాడు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం, ఉత్తర సర్కారులు కంపెనీవయ్యాయి. ఇక గోదావరి, కృష్ణా రైతు కట్టిన శిస్తుతోనే ఆ జిల్లాల నేతగాడి బట్ట కొని లండన్‌కు ఎక్కించవచ్చు.

ఫ్రెంచివాళ్ల సంగతి, యానాం సంగతి ఇందులో పట్టలేదు. అడిగితే విడిగా రాస్తాను. చెల్లెమ్మకు నమస్కారాలు, పాపకు ఆశీస్సులు చెప్పు.

నీ
ప్రసాదు