మూజువాణి ఓటుకు చీటీ ఏది? లోక్‌సభ స్పీకర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు లోక్‌సభ స్పీకర్ శ్రీ ఓం బిర్లా గారికి,

తిరుచానూరు నుంచి ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు నమస్కరించి రాస్తున్న లేఖ.

ముందు మా ఊరి గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. మీరు కూర్చునే కుర్చీలో 1956 నుంచి 1962 దాకా మా ఊరాయన కూర్చున్నారు. మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1891లో ఇక్కడే పుట్టి, చిత్తూరులో వకీలుగా పనిచేసి, 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి లోక్‌సభకు వెళ్ళారు. తొలి స్పీకర్ మావలంకర్ గారి తర్వాత ఆయనే స్పీకర్. ఆ రెండు నియోజకవర్గాల తికమక మమ్మల్ని ఇంకా వదల్లేదు. అమ్మవారి గుడి ఉన్న మా తిరుచానూరు చంద్రగిరి అసెంబ్లీ కింద చిత్తూరు పార్లమెంటుకు పోతుంది. ఆటో ఎక్కి టౌన్లో దిగితే తిరుపతి పార్లమెంటు. 'మీ ఎంపీ ఎవరు' అని క్లాసులో అడిగితే సగం మంది పిల్లకాయలు తప్పు చెప్పేవాళ్ళు. మార్కులు కోయడానికి నాకు మనసొప్పేది కాదు.

ఇక అసలు సంగతి. మాకు రెండు ఆవులున్నాయి. పొద్దున ఆరు కాకముందే మా ఆవిడ క్యాన్ పట్టుకుని పక్క పల్లెలో ఉండే పాల సెంటరుకు పోతుంది. అక్కడి పిల్లోడు ఇంత పాలు తీసి మెషీన్లో పెడతాడు. ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని గట్టి పదార్థం) ఎంత, ఎన్ని లీటర్లు, రేటెంత అన్నీ అచ్చయి చిన్న చీటీ బయటికొస్తుంది. కరెంటు పోయి ఆ చీటీ రాలేదనుకోండి, మా ఆవిడ అక్కణ్ణించి కదలదు. పుస్తకంలో చేత్తో రాయించి, సంతకం పెట్టించుకుని గానీ రాదు. ఆరు లీటర్ల పాలకు అంత పట్టుదల.

ఒకరోజు ఆవిడకు ఒళ్ళు బాగాలేక నేను పోయినాను. వరసలో నా వెనకున్న కుర్రోడు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే, అడిగినాడు. "సార్, మన ఎంపీ ఏ బిల్లుకు ఎట్ల ఓటేసినాడో చూసేదానికి యాడన్నా ఉందా?" ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు కదా, "ఎందుకుండదురా, పార్లమెంటు వెబ్‌సైట్లో ఉంటాది" అనేశాను. ఇంటికొచ్చి మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని మూడు సాయంత్రాలు వెతికినాను. ఎంపీ గారు ఎన్ని రోజులు హాజరైనారు, ఏమేం ప్రశ్నలు వేసినారు, ఏ చర్చలో ఏం మాట్లాడినారు, అన్నీ దొరికినాయి. బిల్లులకు ఎట్ల ఓటేసినారన్నది మాత్రం చాలావాటికి దొరకలేదు. ఎవరో దాచిపెట్టలేదు. అసలు రాస్తేగదా దొరికేదానికి.

మూజువాణి ఓటు అని మా పత్రికలు ఎప్పట్నుంచో రాస్తున్న మాట. ముహ్ జబానీ అనే ఉర్దూ మాట మా నోళ్ళలో నలిగి మూజువాణి అయింది. నోటిమాట అని అర్థం. నోటిమాటకు పత్రం ఉండదు. ఔననేవారు ఔనంటారు, కాదనేవారు కాదంటారు, కుర్చీలో ఉన్నవారు చెవితో తూచి గెలుపెవరిదో చెప్తారు. ఎవరైనా సభ్యుడు లేచి డివిజన్ అడిగితేనే పేరుపేరునా లెక్క. మామూలు బిల్లుల్లో ఎక్కువ భాగం ఆ నోటిమాటతోనే గట్టెక్కుతున్నాయి. తప్పుగా అనుకోవద్దు, 2024 జూన్‌లో మీ ఎన్నిక కూడా మూజువాణి ఓటుతోనే జరిగింది. ప్రతిపక్షం అభ్యర్థిని నిలబెట్టి కూడా డివిజన్ అడగలేదు.

తెలుగువాళ్ళకు ఈ మాట దగ్గర పాత గాయం ఒకటుంది. 2014 ఫిబ్రవరి 18 మధ్యాహ్నం, నేను తిరుపతిలో ఒక టీ అంగడి ముందు నిలబడి టీవీ చూస్తా ఉన్నాను. అంగడి నిండా జనం. లోక్‌సభలో రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లు. ఉన్నట్టుండి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమని తర్వాత చెప్పినారు. టీ పోసే ఆయన లేచి డిష్ వైరు పీకి మళ్ళీ పెట్టినాడు, పాపం తన టీవీదే తప్పనుకుని. కాసేపటికి కింద స్క్రోలింగులో వచ్చింది, బిల్లు పాసైందని, మూజువాణి ఓటుతో. విభజన మంచిదా చెడ్డదా అన్న పంచాయితీ నేనిప్పుడు తీయను. తెలంగాణ మిత్రులకు అది పండగ రోజు, కాదనను. కానీ పండగ చేసుకున్నవాళ్ళ దగ్గరా లేదు, ఏడ్చినవాళ్ళ దగ్గరా లేదు, ఆరోజు ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో చూపించే కాగితం. ఒక రాష్ట్రం రెండైన రోజుకు పేర్ల పట్టిక లేదు.

అది పాత కథ అంటారేమో, నిన్నమొన్నటిదే చెప్తాను. మోసగాణ్ణి 'నాలుగొందల ఇరవై' అని తిట్టడం మా నాన్న కాలం నుంచీ ఉంది. భారతీయ న్యాయ సంహిత వచ్చి ఆ సెక్షన్ను 318 చేసింది. 2023 డిసెంబర్‌లో అదీ, దాంతోపాటు మరో రెండూ, మొత్తం మూడు క్రిమినల్ చట్టాలు లోక్‌సభ దాటినప్పుడూ మూజువాణి ఓటే. ఆ సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెన్షన్‌లో ఉన్నారు. దేశంలో ప్రతి పోలీస్ స్టేషన్లోనూ రైటర్లు సెక్షన్లు కొత్తగా బట్టీ పట్టాల్సి వచ్చిన మార్పుకు ఓటేసింది ఎవరెవరో పట్టిక లేదు.

లెక్క పెడితే ఎట్లుంటుందో కూడా మేం చూసినాం. మహిళా రిజర్వేషన్ బిల్లుకు 2023లో 454 మంది ఔను, ఇద్దరు కాదు. జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు 2024 డిసెంబర్‌లో 269, 198. వక్ఫ్ సవరణ బిల్లుకు 2025 ఏప్రిల్‌లో 288, 232. ఆ చివరిదాంట్లో తెలుగుదేశం అటు, వైఎస్సార్ కాంగ్రెస్ ఇటు నిలబడినాయి. మా రెండు సీట్లలో చెరొకటి ఆ రెండు పార్టీలవే కాబట్టి మరుసటి రోజు పాల సెంటరు దగ్గర అరగంట వాదన నడిచింది. ఇద్దరు ఎంపీలనూ తిట్టేవాళ్ళున్నారు, మెచ్చుకునేవాళ్ళున్నారు. ఓటరుకు ఎంపీతో ఐదేళ్ళలో జరగాల్సిన సంభాషణ అదే గదా. అంకె బయటికొస్తేనే అది మొదలవుతుంది.

విప్, అంటే ఇట్లా ఓటేయమని పార్టీ ఇచ్చే ఆదేశం, ఉన్నాక పేర్లెందుకు, పార్టీ చెప్పినట్టు వేస్తారు గదా అని మా కోలీగు ఒకాయన అంటాడు. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చినాక, విప్ ధిక్కరించి ఓటేసినా, చెప్పకుండా ఓటు మానేసినా సభ్యత్వానికే మోసం. నిజమే. అయితే ఒక సంగతి అడుగుతాను. సభ్యుడు ఎట్ల ఓటేశాడో పార్టీకి తెలియాలని ఆ చట్టం రాజ్యాంగంలో పెట్టిన పదో షెడ్యూలు ఉంది. పంపించిన మాకు తెలియాలని ఏ షెడ్యూలూ లేదెందుకు? విప్‌కు తలొగ్గినా ఆ తలొగ్గడం కూడా కాగితం మీద కనపడాలి. ఆరోజు సభకే రాకపోతే అదీ కనపడాలి.

2018 జూలై 20న అవిశ్వాస తీర్మానం డివిజన్‌కు పోయింది. తీర్మానానికి 126, వ్యతిరేకంగా 325. ఆంధ్రాకు ప్రత్యేక హోదా గురించి పెట్టిన తీర్మానమే అది. ఆరోజు తిరుపతి సీటు ఖాళీ. అదే హోదా కోసమని అక్కడి ఎంపీ గారు ఏప్రిల్‌లో రాజీనామా ఇచ్చినారు, జూన్‌లో ఆమోదం పొందింది. చిత్తూరు ఎంపీ శివప్రసాద్ గారేమో పార్లమెంటు ఆవరణలో రోజుకో వేషం కట్టినారు. నవ్వినవాళ్ళు నవ్వినారు. గంగజాతరకు వేషం కట్టే ఊరు మాది, వేషం వెనక మొక్కు ఉంటుందని మాకు తెలుసు. ఆయన పోయి ఏళ్ళయినా ఆ వేషాలు ఇంటింటికీ గుర్తున్నాయి. అదే ఆయన లోపల ఏ బిల్లుకు ఏమన్నారో అడగండి, పార్టీవాళ్ళు కూడా చెప్పలేరు.

యంత్రం లేదంటే సరిపెట్టుకుందుము. మా అయ్యంగార్ గారు కుర్చీలో ఉండగానే, 1957లోనే మీ సభకు బటన్ నొక్కే ఓటింగ్ యంత్రం వచ్చింది. కొత్త భవనంలో ప్రతి సీటు దగ్గరా ఉంది. పచ్చది ఔను, ఎర్రది కాదు, పసుపుది తటస్థం. గంట మోగించి, లాబీలు ఖాళీ చేయించి, తలుపులు మూసి, బటన్ నొక్కించి ఫలితం చెప్పేదానికి ఎంతసేపు? గొడవలతో వాయిదా పడే గంటల ముందు అదొక లెక్కా?

ప్రశ్నల సంగతి వేరు, వాటికి కాగితం ఉంది. రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, మంత్రి లేచి నోటితో చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. 230 నక్షత్రం లేనివి, రాతపూర్వక జవాబుతో సరి. పదిహేను రోజుల ముందే నోటీసివ్వాలి, ఆపైన లాటరీలో పేరు రావాలి. ఇంత కష్టపడి వేసిన ప్రశ్నను మేం సంఖ్యతో తూస్తున్నాం. 'మా ఎంపీ మూడొందల ప్రశ్నలు వేసినాడు' అని ఫ్లెక్సీలు. నేను కొన్ని చదివినాను. ఒకే ప్రశ్న కింద ఏడెనిమిది రాష్ట్రాల ఎంపీల పేర్లుంటాయి, దేశంలో ఫలానా పథకం వివరాలేమిటని. జవాబులో ఒక పట్టిక. దాంట్లో చిత్తూరు ఎక్కడో మూలన.

అయ్యంగార్ గారి కాలంలో ప్రశ్నంటే మంత్రులకు చెమటలు పట్టేవి. ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లను ఎల్ఐసీ ఎందుకు కొన్నదని 1957లో సభలో ప్రశ్నతో మొదలైంది. కాంగ్రెస్ ఎంపీ ఫిరోజ్ గాంధీ వదలకుండా తవ్వినారు, సొంత పార్టీ ప్రభుత్వాన్నే. 1958 ఫిబ్రవరికి ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది.

మాకు అడగాల్సింది ఏం లేకనా? దుగరాజపట్నం మా తిరుపతి పార్లమెంటులోనే ఉంది. అక్కడ పెద్ద రేవు కడతాం, 2018 చివరికి మొదటి దశ పూర్తి చేస్తాం అని విభజన చట్టం పదమూడో షెడ్యూలులో రాసినారు. ఎవరెవరి ఓటుతో పాసైందో తెలియని చట్టమే అయినా అచ్చయిన మాట అచ్చయిన మాటే గదా. 2018 పోయింది, ఓడ రాలేదు. శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో ఎన్టీపీసీ, భెల్ కలిసి పెట్టాల్సిన ఫ్యాక్టరీకి 2010లో సాక్షాత్తు ప్రధానే శంకుస్థాపన చేసినారు. ఆ బస్సు దారిలో పోయినప్పుడల్లా కిటికీలోంచి చూస్తాను. ఇక మామిడి. 2025లో తోతాపురి ధర పడిపోయి, కిలోకు గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇస్తామన్నప్పుడు మా బావమరిది మూడు రోజులు ట్రాక్టరు కిందే పడుకున్నాడు, ఫ్యాక్టరీ గేటు తెరుస్తారని. కాయ ట్రాలీలోనే మెత్తబడిపోయింది.

'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం' అని మంత్రి చెప్తే అది హామీ కింద లెక్కని, మూడు నెలల్లో తీర్చాలని, చూసేదానికి సభలో ఒక కమిటీ కూడా ఉందని ఈ మధ్యే తెలుసుకున్నాను. ఇన్నాళ్ళు పిల్లకాయలకు అది చెప్పనందుకు సిగ్గేసింది.

అయ్యా, మీ చేతిలో ఉన్నదే అడుగుతున్నాను. ఎవరైనా లేచి డివిజన్ అడిగే దాకా ఆగకుండా, ప్రతి బిల్లు ఆఖరి ఓటుకూ బటన్లు నొక్కించేటట్టు 367వ నిబంధనను మార్చే పని నియమాల కమిటీ ముందు పెట్టండి. డివిజన్ అనవసరంగా అడిగారని కుర్చీకి తోస్తే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కపెట్టొచ్చట, అప్పుడు పేర్లు రాయక్కర్లేదట. దాన్ని కూడా తీసేయండి. ఏ సభ్యుడి పేజీ తెరిస్తే ఆయన ప్రశ్నల పక్కనే ఆయన ఓట్లూ కనపడనివ్వండి. ప్రశ్నకు వచ్చిన హామీ తీరిందా లేదా అన్నది ఆ ప్రశ్న కిందే రాయించండి. సభలో మాటలను తెలుగులో వినిపించే ఏర్పాటు మీ హయాంలోనే జరిగింది, విని సంతోషించినాం. రాతపూర్వక జవాబులు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉన్నాయి, మా బావమరిది చదవలేడు. తిరుపతి, చిత్తూరు ఎంపీలిద్దరికీ ఈ లేఖ ప్రతులు పంపిస్తున్నాను. నిబంధన మారే లోపల వాళ్ళలో ఒక్కరు లేచి డివిజన్ అడిగినా చాలు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీ జవాబు ఇంగ్లీషులో వచ్చినా పర్వాలేదు, మనవడు చదివి వినిపిస్తాడు. పాల సెంటరు దగ్గర ఆ కుర్రోడు రెండుసార్లు అడిగినాడు, దొరికిందా సార్ అని. వెతుకుతా ఉన్నానని చెప్పినాను.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
తిరుచానూరు