1189 అని రాసే ముందు ఆధారం చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆదివారం సంచికలో ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్ గురించి వేసిన వ్యాసం చదివాను. 'యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం' పబ్ 1189లో పెట్టారనీ, రాజు రిచర్డ్ వెంట క్రూసేడ్‌కి, అంటే జెరూసలేం కోసం జరిగిన మతయుద్ధానికి, వెళ్లిన వీరులు అక్కడే తాగి బయల్దేరారనీ నిజంగా జరిగినట్టే రాశారు. నేను ఈ ఊళ్లోనే ఉంటున్నాను, ఆ పబ్ అంటే ఇష్టం కూడా. అందుకే ఈ ఉత్తరం.

1189 రిచర్డ్ పట్టాభిషేకం జరిగిన ఏడాది. ఆ అంకె పబ్ గోడ మీద పెద్దగా రాసి ఉంది. చరిత్ర మాస్టారుగా రిటైరైన మా నాన్న నిరుడు ఇక్కడికి వచ్చినప్పుడు దాన్ని చూసి, "దీనికి శాసనం ఏదమ్మా?" అని అడిగారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడున్న కట్టడం 17వ శతాబ్దానిది. వెనక గదులు మాత్రం నాటింగ్‌హామ్ కోట ఉన్న కొండను తొలిచిన గుహలు. అక్కడ కూర్చుంటే పైకప్పు నుంచి సన్నటి ఇసుక రాలి బల్ల మీద పడుతుంది.

ఆ కొండకి అసలైన కథ ఒకటుంది, మీ వ్యాసంలో అదే లేదు. రాణి ఇసబెల్లా, ఆమె ప్రియుడు రోజర్ మోర్టిమర్ కలిసి రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆమె కొడుకు, కుర్రరాజు మూడో ఎడ్వర్డ్‌కి అప్పటికి ఇంకా పద్దెనిమిదేళ్లు నిండలేదు. 1330 అక్టోబర్ 19 రాత్రి కోట తలుపులన్నీ మూసి ఉండగా, రాజు స్నేహితుడు విలియం మోంటగ్యూ కొందరు వీరులతో రహస్య మార్గంలో లోపలికి చొరబడి మోర్టిమర్‌ని పట్టుకున్నాడు. నవంబర్ 29న లండన్‌లోని టైబర్న్‌లో అతన్ని ఉరితీశారు. పబ్ పక్కన కొండలో చూపించే 'మోర్టిమర్ సొరంగం' పేరు అలా వచ్చిందే. వాళ్లు వచ్చింది సరిగ్గా ఆ దారినేనా అన్నదాని మీద చరిత్రకారుల్లో ఇంకా వాదన ఉంది. ఆ సంగతి కూడా పాఠకులకి చెప్పాలి కదా.

కథలు వద్దని నేననడం లేదు. 'అంటారు' అన్న ఒక్క మాట చేర్చితే చాలు. మన పిల్లలు ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, మీ వ్యాసం చూసుకుని అమ్మానాన్నల్ని ఊరు తిప్పుతున్నారు. దయచేసి వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి. ఆ కటింగ్ మా నాన్నకి పంపాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నాటింగ్‌హామ్ (స్వస్థలం తెనాలి)