కౌన్సెలింగ్‌కు తలుపున్న గది కావాలి, ఫొటోలు కాదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'మళ్లీ ఒక్కటైన జంటలు' అంటూ అధికారుల కుటుంబ కౌన్సెలింగ్ గురించి వచ్చిన వార్త చూసినప్పటి నుంచి రాయాలనుకుంటున్నా, ఇంటి పనుల్లో ఇవాళ్టికి కుదిరింది. ముందు వరసలో అధికారులు, వెనక దండలు వేసుకుని ఆలుమగలు. కింద పేర్లు, ఊర్ల పేర్లు, ఎవరి ఇంట్లో ఏం గొడవో కూడా వేశారు. ఆ ఫొటోలో ఒక అమ్మాయి తల పైకెత్తలేదు. ఊళ్లో బస్సు దిగింది మొదలు ఆమెను ఎవరెవరు ఏమేం అడిగి ఉంటారో మీ విలేకరి ఒక్క నిమిషం ఆలోచించలేదా?

ఒక్క పూటలో ఇన్ని కాపురాలు నిలబెట్టామని అధికారులు చెప్పడం, దాన్ని మీరు యథాతథంగా అచ్చు వేయడం నాకు చాలా బాధ కలిగించింది. ఇద్దరినీ నాలుగు మాటలని సర్దుకుపొమ్మని పంపే పని ఊరి పెద్దమనుషులు తాతల కాలం నుంచీ చేస్తూనే ఉన్నారు. ఆ పనికి ప్రభుత్వం ప్రత్యేకంగా కౌన్సెలర్లను పెట్టక్కర్లేదు. ఆ జంటలు ఆరు నెలల తర్వాత ఎలా ఉన్నాయని ఎవరైనా వెళ్లి అడిగారా?

మా చెల్లెలి కుటుంబంతో నేనూ అలాంటి కౌన్సెలింగ్ జరిగే ఒక చోటికి వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను. వాళ్లబ్బాయి ఇంటర్ మధ్యలో కాలేజీ మానేసి గదిలోంచి బయటికి రావడం లేదు. తప్పు నీదంటే నీదని అమ్మానాన్నల మధ్య రోజూ యుద్ధం. అక్కడ వరండాలో ఒక టేబుల్, చుట్టూ బెంచీల మీద వేరే కేసుల వాళ్లు. రిజిస్టర్ పట్టుకున్నావిడ అందరికీ వినబడేట్టు "ఏం గొడవ, తాగుతాడా, కొడతాడా?" అని అడిగింది. పిల్లవాడు లేచి గేటు దాకా వెళ్లిపోయాడు. వాణ్ణి వెనక్కి పిలిపించి "అమ్మానాన్న మాట విను నాయనా, బాగా చదువుకో" అన్నారు. అంతటితో కౌన్సెలింగ్ అయిపోయిందని సంతకాలు పెట్టించుకున్నారు.

తర్వాత ఒక సైకాలజిస్టు దొరికింది కాబట్టి ఆ ఇల్లు తెరిపిన పడింది. ఆమె మొదటి సిట్టింగ్‌లో ఎవరికీ సలహా ఇవ్వలేదు. ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడింది. విడిగా చెప్పిన దాంట్లో ఏది మిగతావాళ్ల ముందు ఎత్తవచ్చో, ఏది ఎత్తకూడదో ముందే అడిగి రాసుకుంది. తర్వాత కలిపి కూర్చోబెట్టి, ఒకరు మాట్లాడాక విన్నది విన్నట్టు తిరిగి చెప్పమని రెండోవాళ్లను అడిగింది. మా మరిది చెప్పలేకపోయాడు. కొడుకు చెప్పిన మాటల్లో సగం ఆయన చెవికి ఎక్కనే లేదు. రాత్రి అన్నం దగ్గర మార్కుల మాట, ఎంసెట్ మాట ఎత్తొద్దని, అది ఆ వారం ఇంటిపని అని చెప్పి పంపింది. వినడానికి చిన్న పనే. ఆ వారం వాళ్లింట్లో అదే అన్నిటికన్నా కష్టమైంది.

అధికారులనే అనడం లేదు. మన కుటుంబాలు కూడా కౌన్సెలింగ్‌ను చేజేతులా పాడుచేసుకుంటున్నాయి. వెళ్లేదే ఎవరిది తప్పో తేల్చమని అడగడానికి. వెంట మేనమామలు, పెదనాన్నలు, ఇరుగుపొరుగు. పది మంది ముందు ఏ కోడలు నోరు విప్పుతుంది, ఏ కొడుకు మనసులో మాట చెబుతాడు? అప్పు దాస్తారు, తాగుడు దాస్తారు, ఆన్‌లైన్ బెట్టింగ్ దాస్తారు, తీరా ఫలితం లేదంటారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుంటే చేయించుకోండి, నేనూ చేయించాను. కానీ పూజకు పెట్టినంత శ్రద్ధ రెండో సిట్టింగ్ మీద కూడా పెట్టండి. కాస్త నెమ్మదించగానే మానేస్తారు. అసలు విషయం సరిగ్గా అప్పుడే బయటికి వస్తూ ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంటికి వచ్చే దారిలో, ఆటోలోనే జరుగుతుంది. "లోపల ఆమె ముందు నా పరువు తీశావు కదా" అని ఒక్క మాట అన్నారంటే, ఆ మనిషి మళ్లీ ఎప్పటికీ నిజం చెప్పరు. కౌన్సెలర్‌తో కుదరకపోతే ఆ మాట ఆమెకే చెప్పవచ్చు, వేరే వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చు. ఏం చదివారు, ఎన్నాళ్లు పట్టవచ్చు అని మొదట్లోనే అడగవచ్చు. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడతారు.

కొట్టే ఇంటి సంగతి వేరు. 2005 గృహహింస చట్టం కింద కౌన్సెలింగ్‌కు పంపేటప్పుడు ఇద్దరినీ విడివిడిగా కూడా పంపవచ్చు. 2006 నిబంధనల్లో ఇంకా స్పష్టంగా ఉంది: కొట్టినందుకు కారణాలు చెప్పుకుని సమర్థించుకోవడం కౌన్సెలింగ్‌లో కుదరదని, ఆ సంగతి మొదలుపెట్టే ముందే అతనికి తెలియజేయాలని. ఇక్కడేమో ఆమెనే "ఊరికే కొడతాడా, నువ్వేం అన్నావు?" అని అడుగుతారు. ఇది చట్టాన్ని తలకిందులు చేయడం. అలాంటి చోట భర్త పక్కన కూర్చోబెట్టి నిజం చెప్పమంటే, ఆ నిజానికి ఆమె రాత్రి ఇంట్లో దెబ్బలు తినాలి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా ఇద్దరిలో ఎవరు కోరినా విచారణ నలుగురిలో కాకుండా లోపల జరపాలంటోంది. కోర్టుకే ఆ మర్యాద ఉంటే, కౌన్సెలింగ్ వరండాలో ఎందుకు జరగాలి?

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినవాళ్లను అడగండి. ఈ సెక్షన్ కాదు ఆ సెక్షన్ అంటారు, అర్జీ తిరిగి తిరిగి మొదటి ఆఫీసుకే వస్తుంది, పరిష్కరించామని ఫోనుకు మెసేజ్ వస్తుంది. కాపురాల లెక్కా అలాగే తయారైంది. కాగితం మీద కేసు మూసేస్తే చాలు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022లో. కొత్త జిల్లా అని బోర్డులు మారాయి, ఆఫీసులకు రంగులు వేశారు. తలుపు వేసుకుని మాట్లాడుకునే ఒక్క గదికి మాత్రం చోటు దొరకలేదు. 1954లో పెట్టిన వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఊళ్లోనే ఉంది, అందులో సైకాలజీ విభాగం ఉంది. చదువుకున్నవాళ్లకు కొరత ఉన్న ఊరా ఇది? చిత్తూరు వాళ్లు పక్కనే ఉన్న వేలూరుకు పోతారు. అక్కడ బాగాయంలోని సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) మానసిక వైద్య కేంద్రంలో రోగితో పాటు ఇంటి మనిషీ ఉండాలి, వైద్యంలో కుటుంబం కూడా భాగం. ఆ పద్ధతి కొన్ని దశాబ్దాలుగా నడుస్తోంది. మనవాళ్లు చూసి రావడానికి చిత్తూరు నుంచి బస్సులో గంట ప్రయాణం.

అధికారులను నేను కోరేది పెద్దదేమీ కాదు. కౌన్సెలింగ్ జరిగే ప్రతి చోటా తలుపున్న గది, ఒక్కో కుటుంబానికి కనీసం గంట సమయం, మళ్లీ రావడానికి తేదీ. పిల్లలతో మాట్లాడటం తెలిసిన మనిషి ఒకరు. ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం ఆదివారమో సాయంత్రమో కొంత వేళ.

మీ పత్రికను కోరేది ఇంకా సులువు. ఇలాంటి వార్తల్లో కుటుంబాల ఫొటోలు, పేర్లు వేయకండి. కౌన్సెలింగ్ ఎక్కడ, ఏ వేళల్లో, ఎవరు చేస్తారో కనుక్కుని వేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది. కొండ మీద దర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో మీరు రోజూ వేస్తున్నారు. ఈ రెండు నంబర్లు కూడా దాని పక్కనే రోజూ వేయండి.

- విశ్రాంత ఉపాధ్యాయురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి