నా పట్టీలతో వెండి నీళ్లు

సంపాదకులకు నమస్కారం.

మాది వరికుంటపాడు మండలంలో ఓ పల్లె. నలభై రెండు గొర్రెలున్నాయి, అన్నీ నెల్లూరు జోడిపి రకమే. పోయిన వానాకాలం చిటుక రోగానికి ఐదు పోయాయి. సాయంత్రం దాకా బాగా మేసినవి తెల్లారేసరికి కాళ్లు చాపి పడున్నాయి. అప్పట్నుంచీ ఫోన్లో ఎవరేం చెప్పినా మా ఆయన చెవి ఒగ్గుతాడు.

అట్లా దొరికిందే వెండి నీళ్ల వీడియో. రెండు వెండి కడ్డీలు నీళ్లలో ముంచి, 9 వోల్టుల బ్యాటరీలు మూడు వరసగా కలిపి తగిలిస్తే వెండి నీళ్లలోకి దిగుతుందట, ఆ నీళ్లు తాగిన జీవాలకు ఏ రోగమూ అంటదట. కడ్డీలు మాకెక్కడివి? నా కాళ్ల వెండి పట్టీలు అడిగాడు. ఇచ్చాను, నాదీ తప్పే. వీడియోలో డిస్టిల్డ్ వాటర్ పోయమని చెప్పినా మా ఆయన బోరు నీళ్లే పోశాడు.

కాసేపటికి నీళ్లు మజ్జిగ తేటలా తెల్లబడ్డాయి. ఎండ తగిలి బూడిద రంగుకు తిరిగాయి. ఒక పట్టీ నల్లబడింది, రెండో దానికి సున్నం పట్టింది. మా ఆయన సంబరపడిపోయాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివే మా చిన్నోడు మాత్రం, బోరు నీళ్లలో ఉప్పుందని, వెండి దాంతో కలిసి తెల్లగా విరిగిందని, ఎండకు నల్లబడేది అందుకేనని చెప్పాడు. అమెరికా మందుల శాఖ 1999లోనే ఇలాంటి వెండి మందులు పనిచేస్తాయనడానికి, భద్రమనడానికి ఆధారం లేదందట. ఎక్కువ రోజులు తాగితే మనుషుల చర్మం నీలంగా మారి అలాగే ఉండిపోతుందట. గొర్రెలకొచ్చే నీలి నాలుక జబ్బుతోనే చస్తుంటే ఇదొకటా!

పశువుల డాక్టరు గారికి ఫోన్ చేస్తే ఆయన ముందు వెండి మాటే ఎత్తలేదు. "పట్టీల్లో రాగి కలుపుతారు కదమ్మా, గొర్రెకు రాగి పడదు" అన్నారు. కొంచెం కొంచెంగా కాలేయంలో చేరి, ఒక్కసారిగా బయటపడితే ఉచ్చ ఎర్రగా పోసి చస్తాయట. గొర్రె గడ్డి అరిగించుకునేదే పొట్టలోని సూక్ష్మజీవులతో, వాటిని చంపే నీళ్లు ఎందుకు తాపుతారని కూడా అడిగారు. చిటుకకు వానలకు ముందే టీకా వేయించాలి, అంతేనన్నారు. పోయినేడు మేం ఆ టీకా వేయించలేదు. పొలం పనుల్లో పడి మరిచాం.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడూ ఉంది. దాన్ని వెండి తీసేయదు. రోడ్డు పక్కన పశువుల తొట్టి కట్టారు కానీ పాచి పట్టి పడుంది. నెలకోసారి కడిగించి సున్నం కొట్టిస్తే మాకదే పదివేలు. మీ రైతు పేజీలో ఈ వెండి నీళ్ల సంగతి ఎవరైనా పశువైద్యుల చేత రాయించండి. పక్క ఊళ్లో ఇంకో ఇద్దరు బ్యాటరీలు కొన్నారని విన్నాను.

పట్టీలు కంసాలికి చూపిస్తే తూకానికైతేనే తీసుకుంటానన్నాడు.

ఇట్లు,
గొర్రెలు పెంచుకునే ఒక ఇల్లాలు,
వరికుంటపాడు మండలం, నెల్లూరు జిల్లా