దొంగ కాపీ కూడా నాకు పనికిరాలేదు

సంపాదకులకు నమస్కారం.

పైరసీ గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు, వ్యాసాలు నేనూ చదువుతున్నాను. చదవడమంటే, ఫోను చదివి వినిపిస్తుంటే వినడం. నాకు పుట్టుకతోనే చూపు లేదు. హిందూపురం దగ్గర ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. సినిమాల సంగతి అందరూ రాస్తూనే ఉన్నారు. నేను పుస్తకాల గురించి, అదీ ఒక్క పుస్తకం గురించి రాస్తాను.

పోయిన వేసవిలో రాయలసీమ చరిత్ర మీద 320 పేజీల పుస్తకం ఒకటి కొన్నాను. వెల 350 రూపాయలు. కొన్నాక ప్రచురణకర్తకు ఫోన్ చేసి, ‘పుస్తకం నా దగ్గరుందండీ, చదువుకోవడానికి టెక్స్ట్ ఫైలు ఇప్పిస్తారా’ అని అడిగాను. మనిషి మంచివాడే. ‘ఇవ్వకూడదని కాదు సార్. మీకిస్తే రేపు పొద్దున్నకల్లా గ్రూపుల్లో తిరుగుతుంది. ఇప్పటికే మునిగిపోయి ఉన్నాం’ అన్నాడు. ఆ భయం నాకు అర్థం కాకపోలేదు. సొంత డబ్బుతో 500 కాపీలు కవిత్వం వేసుకుని, అమ్ముడుపోనివి మంచం కింద సర్దుకున్న మిత్రుడు నాకూ ఉన్నాడు.

తమాషా ఏమిటంటే, ఆ నెలలోనే మా స్కూలు సారొకాయన అదే పుస్తకం పీడీఎఫ్ నాకు పంపాడు. పాపం, సాయం చేద్దామనే. తెరిచాను. ఫోను ‘ఇమేజ్’ అంది. తర్వాతి పేజీకి వెళ్తే మళ్ళీ ‘ఇమేజ్’. చివరిదాకా అదే పాట. ఎవరో కళ్ళున్నవాడు కళ్ళున్నవాళ్ళ కోసం పేజీలకు ఫొటోలు తీసిపెట్టాడన్నమాట. డబ్బు పెట్టి కొన్నదీ నాకు పనికిరాలేదు, దొంగ కాపీ కూడా పనికిరాలేదు. పైసా పెట్టనివాళ్ళు మాత్రం హాయిగా చదువుకున్నారు.

1957 నాటి కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించినప్పుడు 52వ సెక్షన్‌లో మాలాంటివాళ్ళ కోసం ఒక మినహాయింపు చేర్చారు. వైకల్యం ఉన్నవాళ్ళు చదువుకోగలిగే రూపంలోకి ఏ పుస్తకాన్నైనా మార్చవచ్చు. సొంతంగా చదువుకోవడానికో, విద్యకో, పరిశోధనకో అలాంటి మరొకరితో పంచుకోవచ్చు. అనుమతి అక్కర్లేదు. సంస్థలైతే లాభం చూసుకోకూడదు, ఆ కాపీలు మామూలు వ్యాపారంలోకి జారిపోకుండా జాగ్రత్తపడాలి. మరుసటి ఏడాది మొరాకోలోని మరాకేష్‌లో ఇదే విషయం మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2014 జూన్‌లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. ఇదంతా ఆ ప్రచురణకర్తకు ఫోన్లో చెప్పాను. ‘మా లాయరుగారిని అడిగి చెప్తా’ అన్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నట్టున్నాడు.

ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. చట్టం నన్ను మార్చుకోమంది గానీ, ఫైలు ఇమ్మని ఆయనకు చెప్పలేదు. చిక్కంతా అక్కడే.

సరే, మార్చుకున్నాను. మూడు ఆదివారాలు పట్టింది. ఇంటర్ చదివే మా అమ్మాయి ఒక్కో పేజీ స్కానర్ మీద బోర్లించడం, నేను బటన్ నొక్కడం. మధ్యలో ‘నాన్నా, ఇది పైరసీ కాదా?’ అంది. సెక్షన్ నంబరు చెప్పాను. ‘దొంగలు ఎంత నీటుగా స్కాన్ చేస్తారో, మనకే అన్నీ వంకర’ అని విసుక్కుంది. స్కాన్ అయినదాన్ని అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు మీద చూపే ప్రతాపం తెలుగు మీద చూపదు. ఒత్తులు ఎగిరిపోతాయి. పాళెగాళ్ళు కాస్తా ‘వాళెగాళ్ళు’ అయ్యారు. 1800 అన్నది ఒకచోట 1300 అయింది. దాంతో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు ఐదు వందల ఏళ్ళ ముందే రాసిచ్చేశాడు! తెలిసిన చరిత్ర కాబట్టి దిద్దుకున్నాను. తెలియనిదైతే అలాగే పిల్లలకు చెప్పేసేవాణ్ణి.

ప్రచురణకర్తలు దయతలిచి ఫైలు ఇచ్చినా ఇంకో గొడవ ఉంది. చాలామంది యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరాన్నీ కంప్యూటరు తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) కాని పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేయిస్తారు. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు కనిపిస్తుందట. లోపల ఉండేవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. ‘డాలర్, బ్రాకెట్, ఎస్’ అని మొదలుపెడితే ఏ రాజు కథో మీరే ఊహించుకోండి.

అందుకని ప్రచురణకర్తలను అడిగేది పెద్దదేమీ కాదు. ఇకమీదట యూనికోడ్‌లో టైపు చేయించండి. ధర, ముద్రణ వివరాలు వేసే పేజీలోనే ఒక ఈమెయిల్ కూడా ఇవ్వండి. కొన్న బిల్లు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ రెండూ పంపిస్తాం, అవి చూసుకుని ఫైలు పంపండి. ప్రతి పేజీలో నా పేరు వేసి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. బయటికి పొక్కితే నన్నే పట్టుకోవచ్చు. అదీ కుదరదంటే, చూపులేని సభ్యుల కోసం 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది, దానికి ఇవ్వండి. ఎవరో ఒకరు ఫైలు ఇస్తేనే కదా అక్కడైనా పుస్తకం ఉండేది. ప్రభుత్వ సొమ్ముతో అచ్చయ్యే పుస్తకాలకైతే అమ్మకాలు పోతాయన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. వాటితోనే మొదలుపెట్టవచ్చు.

నేను తయారుచేసుకున్న ఫైలు కడపలో ఉన్న ఒక స్నేహితుడికి పంపాను. ఆయనకూ చూపు లేదు కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. లేకపోతే ఆయనా ఇదే పుస్తకంతో ఇంకో మూడు ఆదివారాలు కూర్చోవలసివచ్చేది.

జూన్‌లో మా అమ్మాయి డిగ్రీకి తిరుపతి వెళ్తోంది. అల్మరాలో స్కాన్ చేయాల్సిన పుస్తకాలు ఇంకా పదకొండు ఉన్నాయి.

ఇట్లు,
సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హిందూపురం