పడకగది ఫొటోతో పాటు కొలతలు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఇంటి అలంకరణ పేజీలో వచ్చే పడకగదుల ఫొటోలు బాగుంటాయి. చాలామంది వాటిని కత్తిరించి దాచుకుంటారు, కార్పెంటర్ రాగానే చేతిలో పెట్టి 'ఇలాగే కావాలి' అంటారు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది. వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తే పన్నెండు అడుగుల గది పదహారు అడుగుల గదిలా కనిపిస్తుంది. గది ఎంత, మంచం ఎంత, మంచానికీ వార్డ్‌రోబ్‌కీ మధ్య ఎంత జాగా వదిలారు అన్నది మాత్రం ఫొటోలో తెలియదు. రంగు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు, కర్టెను మార్చుకోవచ్చు. మంచం అడ్డమై తలుపు సగమే తెరుచుకుంటుంటే, చెమ్మ గోడకు వార్డ్‌రోబ్ బిగించేసి ఉంటే, అన్నీ ఊడదీయాల్సిందే. అందుకే ప్రతి ఫొటో కింద కొలతలతో చిన్న ప్లాను ఒకటి వేయమని మిమ్మల్ని అడుగుతున్నాను.

లెక్క ఎలా ఉంటుందో ఒక్క గదితో చూద్దాం. లోపలి కొలత 10 అడుగులు, 12 అడుగులు అనుకోండి. కింగ్ సైజు పరుపు 72 అంగుళాలు, 78 అంగుళాలు. చుట్టూ చెక్క, తల వైపు బోర్డు కలిస్తే మంచం దాదాపు 76, 84 అవుతుంది. పరుపు కొలత చూసుకుని ఈ నాలుగు, ఆరు అంగుళాలు మరిచిపోవడమే అందరూ చేసే మొదటి తప్పు. తల వైపు 10 అడుగుల గోడకు ఆనిస్తే రెండు పక్కలా కలిపి 44 అంగుళాలు, అంటే ఒక్కో పక్క 22 మిగులుతాయి. అందులో మనిషి పక్కకు ఒరిగి నడవాలి, దుప్పటి మార్చేటప్పుడు మోకాలు మంచానికి కొట్టుకుంటుంది. 60 అంగుళాల క్వీన్ పరుపు తీసుకుంటే అదే గదిలో ఒక్కో పక్క 28 అంగుళాలు దొరుకుతాయి, హాయిగా తిరగొచ్చు. ఈ కొలత గదికి నా ఓటు క్వీన్‌కే.

కాళ్ల వైపు ఇంకా జాగ్రత్తగా చూడాలి. 144 అంగుళాల్లో మంచం 84, వార్డ్‌రోబ్ లోతు 24 పోతే మిగిలేది 36. వార్డ్‌రోబ్ తలుపు రెక్క వెడల్పు 18 అయితే అది తెరిచాక నిలబడడానికి 18 అంగుళాలుంటాయి, చాలు. రెక్క 24 పెట్టారంటే మిగిలేది ఒక్క అడుగే. అందుకని పక్కకు జరిగే స్లైడింగ్ తలుపులు పెట్టుకుంటామంటారు. మంచిదే, కానీ ఒకదాని వెనక ఒకటి నడిచే రెండు తలుపులూ, వాటి పట్టాలూ కలిసి మూడు నాలుగు అంగుళాలు తినేస్తాయి. హ్యాంగరుకు తగిలించిన చొక్కా సర్దుకోవడానికి లోపల 22 అంగుళాలు కావాలి కాబట్టి స్లైడింగ్ వార్డ్‌రోబ్ మొత్తం లోతు 26, 27 ఉండాలి. 24లో సరిపెడితే చొక్కాల భుజాలు తలుపుకు రాసుకుంటూనే ఉంటాయి.

కాగితం మీద లెక్క నమ్మకం కుదరకపోతే మాస్కింగ్ టేపు తెచ్చి నేల మీద మంచం, బల్లలు, వార్డ్‌రోబ్ అన్నీ అసలు కొలతతో అంటించండి. తెరిచిన రెక్క ఎక్కడిదాకా వస్తుందో కూడా గీయండి. ఒక పూట ఆ గీతల మధ్యే నడవండి. గది తలుపు, బాత్రూం తలుపు, కిటికీ రెక్కలు అన్నీ పూర్తిగా తెరిచి చూడండి. ఆర్డర్ ఇచ్చేది ఆ తర్వాతే.

మంచం చోటు ఖాయమయ్యాకే కరెంటు పాయింట్లు. మామూలుగా దీనికి తలకిందులుగా జరుగుతుంది: ఎలక్ట్రీషియన్ తనకు అలవాటైన ఎత్తులో బోర్డులు పెట్టి వెళ్లిపోతాడు, తర్వాత మంచం వచ్చి ప్లగ్గును కప్పేస్తుంది. పరుపు పైభాగం నేల నుంచి 20, 22 అంగుళాల ఎత్తులో ఉంటుంది, పక్క బల్ల కూడా అంతే ఉండాలి. స్విచ్చులు, ఛార్జింగ్ ప్లగ్గు ఆ బల్లకు నాలుగైదు అంగుళాల పైన, అంటే నేల నుంచి 24, 27 మధ్య పడాలి, మంచం అంచుకు బయట కనీసం ఒక చెయ్యి వెడల్పు దూరంలో. తలుపు దగ్గరా మంచం దగ్గరా పనిచేసే టూ వే స్విచ్చుకు రెండు బోర్డుల మధ్య అదనపు వైర్లు నడవాలి. గోడ పని జరుగుతున్నప్పుడే చెప్పకపోతే రంగు వేసిన గోడను మళ్లీ కొట్టాలి.

ఫ్యాను, ఫాల్స్ సీలింగు సంగతి కాస్త వివరంగా రాయాలి. ఎందుకంటే ఫొటోల్లో ఫ్యాను తిరగదు. 48 అంగుళాల ఫ్యాను మధ్య నుంచి చుట్టూ రెండడుగులు తిరుగుతుంది. రెక్కలకు పైన, ఆ వలయం లోపల డౌన్‌లైటు (సీలింగులో బిగించి కిందికి వెలుగిచ్చే లైటు) పెడితే ప్రతి రెక్కా వెలుతురును కోసుకుంటూ పోతుంది. లైటు వేసి ఫ్యాను తిప్పగానే గోడ మీదా పరుపు మీదా నీడలు టకటకా కొట్టుకుంటాయి, పుస్తకం పట్టుకుంటే నిమిషంలో కళ్లు లాగుతాయి. డౌన్‌లైటు ఫ్యాను మధ్య నుంచి కనీసం మూడడుగుల అవతల ఉండాలి. సీలింగు ఆరంగుళాలు కిందికి దిగితే ఫ్యాను రాడ్డు కూడా ఆ మేరకు పెంచాలి. రెక్కలకూ సీలింగుకూ మధ్య 8 నుంచి 12 అంగుళాల సందు లేకపోతే ఫ్యాను పై నుంచి గాలి లాగలేదు, తిరుగుతుందే గానీ ఒంటికి తగలదు. రెక్కలు నేల నుంచి ఏడడుగులకు దిగువకు మాత్రం రాకూడదు. ఫ్యాను బరువు స్లాబుకు బిగించిన కొక్కెం మీదే పడాలి, ఫాల్స్ సీలింగు జిప్సం బోర్డు ఫ్రేము మీద ఎంత మాత్రం పడకూడదు. బోర్డుల అతుకుల దగ్గర టేపు వేయకుండా ఒట్టి పుట్టీ మెత్తితే కొన్ని నెలల్లో సన్నటి గీతలు తేలతాయి. పెయింటర్ వచ్చి ఎన్నిసార్లు పూసినా అవి మళ్లీ వస్తాయి, లోపం రంగులో లేదు కాబట్టి.

రంగుకు వద్దాం. గోడ మీద నేరుగా శాంపిల్ పూసి చూడొద్దు, చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు పూసి, ఆరాక ఒక్కో గోడకూ ఆనించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి. రాత్రి చూసేటప్పుడు ఆ గదిలో వాడబోయే బల్బే వేయాలి. బల్బు వెలుతురు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు. 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద లేత గోధుమ రంగు బూడిద రంగులా తేలిపోతుంది. పడకగదికి 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు ఛాయ బల్బు హాయిగా ఉంటుంది. గది మొత్తం ఒకే రకం వాడాలి.

చెమ్మ చూడకుండా ఏ గోడనూ అలంకరించకూడదు, ముఖ్యంగా బాత్రూంను ఆనుకున్న గోడను. పరీక్షకు ఖర్చేమీ లేదు: రెండడుగుల పల్చటి ప్లాస్టిక్ షీటు గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో గాలి దూరకుండా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు గోడ వైపు నీటి బొట్లుంటే చెమ్మ గోడలోంచి వస్తోంది. గది వైపు తడి ఉంటే అది గదిలోని గాలి తేమ. గోడలోంచి వస్తుంటే లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ రంగు పూసి మూసేయడం దండగ. నీరు వెనకే నిలిచి ఆ రంగును పొక్కులుగా తోసేస్తుంది. బాత్రూం టైల్స్ అతుకులు, గోడలో పైపు, బయటి పగుళ్లు... నీరు ఎక్కడ నుంచి వస్తోందో అక్కడ ఆపాలి. గుల్లబారిన ప్లాస్టరు తీసి కొత్తది వేసి, బాగా ఆరనిచ్చి, అప్పుడు పుట్టీ. పుట్టీ పలచగా రెండు కోట్లు, ఆరాక 180 నంబరు ఎమెరీ కాగితంతో, తర్వాత 320తో రుద్దాలి. రుద్దిన పొడి తుడవకుండా ప్రైమర్ కొడితే రంగు పొరలుగా లేస్తుంది. ఆ గోడకే వార్డ్‌రోబ్ తప్పదనుకుంటే వెనక అంగుళం సందు వదిలి, వెనక ప్లైకి రెండు వైపులా లామినేట్ వేయించండి.

తల వైపు గోడకు వాల్‌పేపరు ఇప్పుడు ఎక్కువమంది అడుగుతున్నారు. దాని లెక్క చదరపు అడుగుల్లో చేస్తే మోసపోతారు. మామూలు రోలు 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు, అంటే సుమారు 57 చదరపు అడుగులు. గోడ 10 అడుగుల వెడల్పు, పదిన్నర అడుగుల ఎత్తు అయితే 105 చదరపు అడుగులు, రెండు రోల్స్ చాలనిపిస్తుంది. డిజైన్ ఉన్న పేపరైతే చాలకపోవచ్చు. ఆ వెడల్పుకు ఆరు పట్టీలు కావాలి. పైనా కిందా కోతకు నాలుగంగుళాలు కలిపితే ఒక్కో పట్టీ 130 అంగుళాలు. డిజైన్ ప్రతి 25 అంగుళాలకు తిరిగి వచ్చేదైతే, పువ్వు పక్కన పువ్వు కలవాలంటే ఆరు 25లు, అంటే 150కి కోయాలి. 396 అంగుళాల రోలులో అలాంటివి రెండే వస్తాయి. కాబట్టి మూడు రోల్స్. అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోవాలి, మళ్లీ తెచ్చిన రోలు రంగు కొద్దిగా తేడా పడొచ్చు.

కర్టెన్లకు రాడ్డు కిటికీ కన్నా నాలుగైదు అంగుళాలు పైన, రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాలు బయటకు ఉండాలి. బట్ట రాడ్డు పొడవుకు రెండింతలు పడుతుంది. నూలు బట్టయితే కుట్టించక ముందే ఒకసారి తడిపి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకులోనే నేలకు రెండంగుళాల పైకి వెళ్లిపోతుంది.

మీరు వేసే ప్లానులో గది లోపలి పొడవు, వెడల్పు, సీలింగు ఎత్తు, మంచం బయటి కొలత, నడవడానికి వదిలిన జాగా, తలుపులు తెరుచుకునే వైపు, స్విచ్ బోర్డుల ఎత్తు ఉంటే చాలు. ఫొటో పక్కన రెండంగుళాల చోటులో ఇవన్నీ పడతాయి. వచ్చే వారం పేజీ నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు
ఒక ఇంటీరియర్ డిజైనర్