వేపచెట్టు కింద ఆడిన నాటకం గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం సాయంత్రం మన పాఠశాల ఆవరణలో వేపచెట్టు కింద జరిగిన నాటక ప్రదర్శన గురించి మీరు మాట్లాడుకుంటున్నారని నాకు తెలుసు. కూతురు ఏదో చెప్పాలని వచ్చి నిలబడితే, తండ్రి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "ఊఁ, ఊఁ" అంటున్న అర నిమిషం వీడియో మన వాట్సాప్ గ్రూపులన్నింటికీ చేరింది. పిల్లల ముందు తల్లిదండ్రులను చులకన చేశారని కొందరు ఫోన్ చేశారు, ఇద్దరు స్వయంగా వచ్చి తమ బాధ చెప్పుకున్నారు. నాటకం నలభై నిమిషాలు సాగింది కనుక, మిగిలిన భాగంలో ఏం జరిగిందో కూడా మీకు చెప్పడం నా బాధ్యత.



మన పిల్లలతో ఈ నాటకం ఆడించిన బృందంలో ఉన్నది ఐదుగురే, అందరూ ముప్పై ఏళ్లలోపు వారే. ఇద్దరు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివారు, ఒకరు ఉద్యోగం మానుకుని వచ్చారు. దర్శకురాలు రెండు వారాల పాటు రోజూ బడి వదిలాక మన తొమ్మిదో తరగతి పిల్లలతో నేల మీద కూర్చుని పనిచేశారు. వారి సామగ్రి అంతా రెండు సంచుల్లో పట్టింది: నాలుగు నల్లటి గుడ్డలు, ఒక డప్పు, మడిచే స్టూళ్లు. తెర లేదు, మైకు లేదు, రంగుల దీపాలు లేవు. ఇది డబ్బు లేక చేసిన పని కాదు. వృత్తిరీత్యా పట్టణ ప్రణాళికా నిపుణుడైన బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్, 1967లో ప్రారంభించిన తన ‘శతాబ్ది’ నాటక బృందాన్ని ఆ తరువాతి దశకంలో వేదిక మీది నుంచి దింపి ప్రేక్షకుల మధ్యకు తీసుకువచ్చారు. ఎక్కడికైనా మోసుకుపోగలిగేది, ఏ చోటికైనా ఒదిగిపోయేది, తక్కువ ఖర్చుతో అయ్యేది అయిన నాటకాన్ని ఆయన మూడవ రంగస్థలం అన్నారు. బ్రెజిల్‌కు చెందిన నాటక దర్శకుడు ఆగస్టో బోల్ మరో అడుగు ముందుకు వేసి, కథ చిక్కుముడి దగ్గర ఆగినప్పుడు చూసేవారే లేచి వచ్చి పాత్ర తీసుకుని దారి వెతికే ఫోరమ్ థియేటర్‌ను రూపొందించారు. అందులో నాటకానికీ ప్రేక్షకులకూ మధ్య నిలబడి నడిపించే వ్యక్తిని జోకర్ అంటారు. "మా అమ్మాయిని జోకర్ చేశారట" అని నొచ్చుకున్న తల్లిగారికి నా మనవి ఏమిటంటే, మీ అమ్మాయికి అప్పగించినది ఆ సాయంత్రం అన్నింటికన్నా కష్టమైన పని, దాన్ని ఆమె ఎక్కడా తడబడకుండా నిర్వహించింది.

బడి పిల్లలకు నాటకం ఎందుకని అడిగేవారికి ఒక మాట. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు నాటకం ఆడించింది తన విద్యార్థుల చేతనే, ఆయనా మనలాగే బడిపంతులే. తనది కాని బాధను ఒంటి మీద వేసుకుని పదిమంది ఎదుట నిలబడి మాట్లాడిన పిల్లవాడికి వినడం కూడా వస్తుంది. ఏ పాఠ్యపుస్తకంతోనూ నేను ఇంతవరకు నేర్పలేకపోయిన విద్య అది. నేను ఈ పదవిలో ఉన్నంతకాలం మన బడిలో నాటకం ఉంటుంది.

ఇప్పుడు ఆ వీడియోలో లేని భాగం. కథ ఆగగానే మొదట పదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి కూతురి పాత్ర తీసుకుని తండ్రి మీద అరిచాడు. "ఇంట్లో నిజంగా ఇలాగే అంటావా?" అని జోకర్ అడగగానే తల అడ్డంగా ఊపి వెళ్లి కూర్చున్నాడు. తరువాత ఏడో తరగతి అమ్మాయి వచ్చింది. ఒక్క మాటా అనలేదు. తండ్రి స్టూలు పక్కన నేల మీద కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. నటుడు చాలాసేపు తల ఎత్తలేదు. వెనుక మన తొమ్మిదో తరగతి అబ్బాయి పుల్లల చీపురుతో, స్టీలు పళ్లెంతో పుట్టిస్తున్న వాన చప్పుడు తప్ప ఆవరణలో మరే శబ్దమూ లేదు. చివరికి ఆ తండ్రి ఫోన్ బోర్లించి నేల మీద పెట్టి, "చెప్పమ్మా" అన్నాడు. ఆ సంభాషణలు రాసిన విద్యార్థిని నోటుపుస్తకం నేను చూశాను. "నువ్వు మంచి నాన్నవి కాదు" అన్న వాక్యాన్ని కొట్టేసి, దాని కింద "నాన్నా, ఒక్క నిమిషం" అని రాసుకుంది. మిమ్మల్ని అవమానించాలనుకున్న పిల్ల అలా కొట్టివేయదు.

మీ మీద గౌరవంతోనే మరికొన్ని మాటలు చెప్పవలసి ఉంది. ప్రదర్శన సగంలో ఉండగా పదకొండు మంది ట్యూషన్ వేళ అయిందని పిల్లలను చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లారు, వారిలో ఇద్దరు తమ వంతు కోసం ఎదురుచూస్తున్న నటులు. నాలుగు గంటలకని రాసి పంపితే చాలామంది నాలుగున్నర దాటాక వచ్చారు. ముందు వరుసలో ఎత్తి పట్టిన ఫోన్‌ల వల్ల వెనుక కూర్చున్న చిన్న తరగతుల పిల్లలు లేచి నిలబడి చూడవలసి వచ్చింది. రిహార్సల్‌కు రాకుండా ఆపిన పిల్లలు ఆ గంటలో ఇంట్లో చదువుకోలేదని వారే నాకు చెప్పారు.

బృందం వచ్చే శనివారం నాలుగు గంటలకు మళ్లీ వస్తుంది, ఈసారి ప్రదర్శన తల్లిదండ్రుల కోసమే. అదే దృశ్యం దగ్గర కథ ఆగుతుంది, లేచి రావలసింది మీరు. ఫోన్‌లు పెట్టడానికి గేటు దగ్గర పేర్లు రాసిన సంచులు ఉంచుతాము. ఫోన్ చేసి కోప్పడినవారికి ముందు వరుసలో చోటు ఉంచమని మా సిబ్బందికి చెప్పాను, తప్పక రాగలరు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు